ఇరవై సెకండ్ల అర్హత

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగో ఏట, సాయంత్రం బడిలో. ఒత్తులు నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. ఎక్కడైనా ఒకటి తక్కువైతే మీరే పెట్టుకొని చదువుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మధ్యలో కూర మాడితే ఇంకో పూట.

ఇది రెండువేల ఎనిమిదిలో, బేతంచెర్లలో మా వీధివాళ్ళకు జరిగింది. సగం జీవమ్మ చెప్పింది, సగం ఆమె భర్త గాబ్రియేలు చెప్పాడు. ఇద్దరూ కలిసి చెప్పింది ఏదీ లేదు, ఎందుకంటే జీవమ్మ ఉన్నచోట గాబ్రియేలు మాట్లాడడు.

గాబ్రియేలు బండల పాలిషు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. బయటి రాళ్ళు చాలవన్నట్టు ఆ ఏడు అతని ఎడమ మూత్రపిండంలో కూడా ఒక రాయి పుట్టింది. చింతగింజంత ఉందని ఎక్స్‌రేలో తేలింది. అది దారికి అడ్డంగా కూర్చుందని, ఈ వారంలో తీయకపోతే ఆ కిడ్నీ మీద ఆశ వదులుకోవాలని మా ఊరి డాక్టరు చెప్పాడు. రాళ్ళు తీసే డాక్టరు కర్నూలు ఆస్పత్రికి గురువారం, శుక్రవారం మాత్రమే వస్తాడు.

కాబట్టి ఆ గురువారం పొద్దున వాళ్ళు వేసుకున్న ఏర్పాటు చాలా తేలికైనది. ఆరు గంటల బస్సుకు కర్నూలు పోవాలి. మా వీధివాళ్ళకు ఇచ్చిన బీమా కార్డు ఆస్పత్రిలో చూపించాలి. శుక్రవారం రాయి తీయించుకోవాలి. తర్వాతి ఆదివారానికి చర్చి ఆరాధనలో ముందు వరసలో కూర్చోవాలి. జీవమ్మ సద్దిమూట కట్టింది, ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుంది.

బస్సులో గాబ్రియేలు నొప్పితో వంగిపోయి, "జీవమ్మా, ఆ కార్డు సంగతి ఒక మాట..." అన్నాడు.

"నువ్వు నోరు మెదపొద్దయ్యా. మాట్లాడితే రాయి కదుల్తాది. అన్నీ నేను చూసుకుంటా గదా."

అతడు నోరు మూసుకున్నాడు. ఆ రోజు అతడు నోరు మూసుకోవడం అది మొదటిసారి.

ఆస్పత్రి కౌంటరులో ఉదయశ్రీ అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. కార్డు నంబరు కొడితే ఆ కంప్యూటరు హైదరాబాదులోని బీమా కంప్యూటరును, "ఈ మనిషికి అర్హత ఉందా?" అని అడుగుతుంది. అక్కడి నుంచి ఫోటోతో సహా జవాబు ఇరవై సెకండ్లలో రావాలి. అది నిబంధన. ఫోటోలో ఉన్న ముఖమూ ఎదురుగా ఉన్న ముఖమూ ఒకటే అయితే ఉదయశ్రీ "సరిపోయింది" అని నొక్కాలి, కాకపోతే "సరిపోలేదు" అని నొక్కాలి. అది ఇంకో నిబంధన.

ఈ నిబంధనలు ఆస్పత్రిలో సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడడానికి ఆ రోజే బీమా కంపెనీ నుంచి రాఘవేంద్రప్రసాద్ అనే అధికారి వచ్చాడు. ఉదయశ్రీ వెనక కుర్చీ వేసుకొని, పరుగుపందెం దగ్గర నొక్కే గడియారం ఒకటి చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో ఆయన తలెత్తి చూడడు. సెకండ్లు మాత్రమే చూస్తాడు.

ఉదయశ్రీ నంబరు కొట్టింది. గడియారం టక్కుమంది. ఫోటో వచ్చింది.

"పదకొండు సెకండ్లు. నిబంధన ప్రకారమే," అని రాఘవేంద్రప్రసాద్ రాసుకున్నాడు.

ఉదయశ్రీ మాత్రం తెర వైపు చూసింది, గాబ్రియేలు వైపు చూసింది, మళ్ళీ తెర వైపు చూసింది. ఫోటోలో జీవమ్మ పక్కన తలుపు చెక్కంత ఛాతీతో, ఒత్తయిన మీసంతో ఒక మనిషి గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఉన్న గాబ్రియేలు బట్టతలతో, చీపురుపుల్లలా ఉన్నాడు.

"అమ్మా, ఈ ఫోటోలో ఉన్నది ఈయనేనా?"

"ఈయనే పాపా. అప్పుడు రవ్వంత లావుగా ఉండె."

"జుట్టు?"

"రాలిపాయ."

"మీసం?"

"అదీ రాలిపాయ."

"ఎత్తు కూడా తగ్గినాడా?"

"బండలు మోసి మోసి కుంగిపోయినాడమ్మా."

ఉదయశ్రీ "సరిపోలేదు" అని నొక్కింది. "ఇది మొదటిసారి. రెండోసారి కూడా ఇట్లే నొక్కాల్సి వస్తే మీ కార్డు ముప్పై రోజులు మూతపడుతుంది. ఆ ఫోటోలో ఉన్నాయన్ను పిలుచుకొని రండి," అంది.

ముప్పై రోజులు. కిడ్నీకి ఉన్నది ఒక వారం.

ఆ ఫోటోలో ఉన్నది మా వీధి పుల్లన్న. ఇక్కడ ఆ ఫోటోల కథ చెప్పాలి. అప్పటికి రెండేళ్ళ కిందట బీమావాళ్ళు మా వీధికి ఫోటోగ్రాఫరును పంపారు. ప్రతి ఫోటోలో ఇంటి యజమాని ఉండాలి, సాయంత్రంలోగా అందరివీ అయిపోవాలి, లేకపోతే కార్డు రాదు అన్నారు. పంపింది బుధవారం పదకొండు గంటలకు. మగవాళ్ళందరూ షిఫ్టులో ఉన్నారు, ఫ్యాక్టరీ వదలదు. ఆ రోజు వీధిలో ఉన్న మగమనిషి పుల్లన్న ఒక్కడే. అతడు లారీ డ్రైవరు, లారీ షెడ్డులో ఉంది.

మా వైపు ఒకరి చేలో ఒకరు బదులుకు కలుపు తీయడం అలవాటు. ఈ రోజు నేను నీ చేలో, రేపు నువ్వు నా చేలో. ఫోటోకు నిలబడడం కూడా అలాంటిదే అనుకున్నాం. పుల్లన్న ఒక ఇంట్లో చొక్కా మార్చాడు, ఒక ఇంట్లో కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, ఒక ఇంట్లో తలకు తువ్వాలు చుట్టాడు. మా ఇంట్లో మాత్రం, పోయిన నా భర్త కోటు వేసుకున్నాడు. చేతులు పొట్టి అయ్యాయి. నాలుగో ఇంటికల్లా ఫోటోగ్రాఫరే, "గడ్డం పైకెత్తన్నా, నీకు తెలుసు గదా," అనడం మొదలుపెట్టాడు. అలా పదకొండు ఇళ్ళ వీధిలో పది ఇళ్ళకు యజమానిగా నిలబడ్డాడు. అంతలో షెడ్డు నుంచి కబురు వస్తే పరుగెత్తుకొని పోయాడు.

జీవమ్మ రూపాయి ఫోను దగ్గరికి పోయి పుల్లన్నకు ఫోను చేసింది. అదృష్టానికి అతడు ఆ పొద్దునే బండల లోడుతో కర్నూలు వచ్చి ఉన్నాడు.

"పుల్లన్నా, నీ మొకం ఒక్క నిమిషం కావాలప్పా."

"మొకమా? యాడికి తేవాల్ల వదినా?"

"ఆస్పత్రికి. చూపించి పోదువుగాని. ఆ తరువాత మంచం మీద మా ఆయన పండుకుంటాడు."

బెంచీ మీద ఉన్న గాబ్రియేలు చెయ్యి ఎత్తాడు. "జీవమ్మా, పుల్లన్న ఎందుకు, వాళ్ళ ఇంటి..."

"మాట్లాడొద్దంటిని గదా! రాయి కదుల్తాదంటే యినవే!"

పుల్లన్న సగం దించిన లోడుతోనే వచ్చి, లారీని ఆస్పత్రి గేటుకు అడ్డంగా నిలిపాడు. ఒక్క నిమిషమే గదా అనుకున్నాడు. కౌంటరు ముందుకు వచ్చి, ఎవరూ చెప్పకుండానే గడ్డం పైకెత్తాడు.

"పద్నాలుగు సెకండ్లు. నిబంధన ప్రకారమే," అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

ఉదయశ్రీ "సరిపోయింది" అని నొక్కి, అదే ఊపులో పుల్లన్న మణికట్టుకు ఒక ప్లాస్టిక్ పట్టీ బిగించింది. దాని మీద "గాబ్రియేలు" అని రాసి ఉంది. "ఇంక మీరు నేరుగా వార్డుకే పోవాల. మధ్యలో మనిషి మారకుండా ఈ పట్టీ. డిశ్చార్జి రోజే కత్తిరించేది."

"లారీ గేటుకాడ ఉండాది పాపా."

"మీకు లారీ కూడా ఉందా? మీరు పాలిషు కూలీ అని ఉందే ఈడ!"

"ఆయనది కాదులే పాపా," అని జీవమ్మ అడ్డం వచ్చింది. "నొప్పికి ఏందేందో మాట్లాడతాండాడు."

పుల్లన్నను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయారు.

వార్డులో సుచరిత అనే నర్సు ఉంది. ఆమెకు ఎదురు చెప్పడం ఆ ఆస్పత్రిలో డాక్టర్లకు కూడా చేతకాదు. "రేపటి ఆపరేషనుకు పొట్ట శుభ్రం చేయాల. ఎనిమా ఇస్తా, తిరుక్కో," అంది. ఎనిమా అంటే కాఫీలాంటిదేదో అనుకొని పుల్లన్న చెయ్యి చాచాడు. ఆ తర్వాత జరిగింది నేను రాయలేను. మా సాయంత్రం బడిలో ఆ మాటలు నేర్పలేదు. నల్లమల ఘాట్లో బ్రేకులు పోయిన లోడు లారీని కిక్కురుమనకుండా కిందికి దించిన పుల్లన్న, ఆ రోజు వేసిన కేకకు గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడట.

గోడ పట్టుకొని తిరిగి వచ్చి, "వదినా, ఫోటోకు నిలబడినందుకు ఇంత శిక్షనా?" అన్నాడు.

"ఇంకో రెండు గంటలు ఓర్చుకోప్పా. నర్సమ్మ అన్నానికి పోతే మంచం మార్చేద్దాం."

నర్సమ్మ అన్నానికి పోలేదు. ఇంటి నుంచే క్యారియరు తెచ్చుకుంది. మంచం పక్క స్టూలు మీద గాబ్రియేలు "అబ్బా, అబ్బా" అని మూలుగుతుంటే, ఆమె గద్దించింది. "పేషెంటే గమ్మునుండాడు, నీకేమొచ్చె? తోడు వచ్చినోళ్ళు అరవకూడదు. పో, పోయి బయట కూర్చో!" గాబ్రియేలు నడుము పట్టుకొని పోయి, కౌంటరు ఎదురుగా ఉన్న బెంచీ మీద మళ్ళీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం పుల్లన్న చేత రెండు లీటర్ల నీళ్ళు తాగించి స్కానింగుకు తీసుకుపోయారు. డాక్టరు వెంకటేశ్వర్లు ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. అనుమానం వచ్చి వీపు వైపు నుంచి కూడా చూశాడు. పాత ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"గాబ్రియేలూ, మొన్నటి ఎక్స్‌రేలో ఇంత రాయి ఉండింది. ఏం తిన్నావ్?"

"ఏమీ తినలే సార్. కడుపులో ఉన్నదంతా నర్సమ్మే తీసేసింది."

రాయి మాయమైందన్న మాట వార్డంతా పాకింది. మందు లేదు, కోత లేదు, రాయి లేదు. పక్క మంచం ముసలమ్మ పుల్లన్న చెయ్యి పట్టుకొని తన మోకాలి మీద పెట్టుకుంది. "ఏ దేవుని మొక్కుకున్నావో గానీ, దీనికి కూడా రవ్వంత చూడప్పా." ఆమె వెనక నడుము నొప్పి ఒకటి, పంటి నొప్పి రెండు వరసలో నిలబడ్డాయి. "నేను లారీ డ్రైవరునమ్మా!" అని పుల్లన్న మొత్తుకుంటే, మహానుభావులు తమ సంగతి దాచుకుంటారని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. కాసేపటికి ముసలమ్మ నొప్పి తగ్గిందని కూడా చెప్పింది. దాంతో వరస పొడుగైంది.

డాక్టరు డిశ్చార్జి చీటీ రాసి జీవమ్మ చేతికిచ్చాడు. "అదృష్టవంతురాలివమ్మా. కౌంటరులో ఇచ్చి ఇంటికి పొండి."

జీవమ్మ అది తెచ్చి ఉదయశ్రీకి ఇస్తూ, "దీని తరువాత మళ్ళా చేర్చుకుంటారు గదా పాపా?" అని అడిగింది.

"మళ్ళీ ఎందుకు? 'నయమైంది' అని కొడతాను. ఆ తర్వాత ఏడాదిపాటు ఈ కార్డు మీద ఈ జబ్బుకు అర్హత ఉండదు. నిబంధన."

జీవమ్మ చీటీ లాక్కొని డాక్టరు గదికి పరుగెత్తింది. "సార్, రాయి యాడికీ పోలేదు! ఆడే ఉండాది! బాగా ఎతకండి!"

"లేదమ్మా. రాయి పోతే సంతోషపడాల గానీ..."

"మాకు ఆ రాయి కావాల సార్! ఆ రాయిని నమ్ముకొని వచ్చినాం!"

డాక్టరు సుచరిత వైపు తిరిగి, ఈమెకు నిద్రమాత్ర ఏదైనా ఇవ్వమన్నాడు.

ఈలోగా గేటు దగ్గర ఇంకొకటి జరిగింది. అడ్డంగా ఉన్న లారీ ఎవరిదో తెలియక వాచ్‌మన్ దాని వెనక రాసి ఉన్న నంబరుకు ఫోను చేశాడు. డ్రైవరు లోపల మంచం మీద ఉన్నాడని వార్డువాళ్ళ దగ్గర విన్నదే లారీ యజమానికి చెప్పాడు. ఆయన ఆ మాటను బేతంచెర్లలో పుల్లన్న భార్య ఓబులమ్మకు చేరవేశాడు. అక్కడికి చేరేసరికి ఆ మాటలో పుల్లన్నకు యాక్సిడెంటు అయింది, కాలు తీసేశారు. ఓబులమ్మ కార్డు కొంగున కట్టుకొని, వచ్చిన మొదటి బస్సు ఎక్కి, దారి పొడుగునా ఆ కాలు కోసం ఏడ్చుకుంటూ నాలుగింటికి కౌంటరు ముందు వచ్చి పడింది.

"మా ఆయన యాడమ్మా? పుల్లన్న, పుల్లన్న!"

"పొద్దున్నుంచి ఆ పేరుతో ఎవరూ రాలేదమ్మా. కార్డు ఉందా, ఇవ్వండి."

నంబరు కొట్టింది. గడియారం టక్కుమంది.

"తొమ్మిది సెకండ్లు! ఈ రోజుకు ఇదే తక్కువ," అని రాఘవేంద్రప్రసాద్ మొదటిసారి నవ్వాడు.

తెర మీద ఓబులమ్మ, పక్కన తలంతా తెల్లటి రాతిపిండితో, చీపురుపుల్లలా ఒక మనిషి. ఉదయశ్రీ తలెత్తి ఎదుటి బెంచీ వైపు చూసింది. అదే బట్టతల, అవే చెవులు. ఇంత చక్కగా సరిపోయిన ముఖం ఆమెకు పొద్దున్నుంచి తగల్లేదు.

"ఏడవకండమ్మా. మీ ఆయన అదిగో, ఆ బెంచీ మీద. కాళ్ళు రెండూ ఉన్నాయి."

ఓబులమ్మ తిరిగి చూసింది. "ఆయప్ప మా ఆయన కాదు. గాబ్రియేలన్న!"

"గాబ్రియేలు లోపల మంచం మీద ఉన్నాడమ్మా."

అదే సమయానికి పుల్లన్న, తనను వదలకుండా వెంటపడిన మోకాళ్ళ నొప్పుల నుంచి తప్పించుకొని, ఆస్పత్రి గౌనులో కౌంటరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఇదిగో, ఈయనే గాబ్రియేలు," అంది ఉదయశ్రీ.

"ఈయనే మా ఆయన!" అని ఓబులమ్మ అతని కాళ్ళు తడిమి లెక్కపెట్టుకుంది.

జీవమ్మ కూడా వచ్చింది. తెర మీది ఫోటో చూసి ఆమె నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆ రోజంతటిలో గాబ్రియేలుకు దొరికిన సందు అదొక్కటే.

"నేను పొద్దున్నుంచి చెప్పబోతాండేది ఇదే గదా. ఆ పొద్దు పుల్లన్న షెడ్డుకు పాయ. వాళ్ళ ఫోటోకు మనిషి లేడు. నేను షిఫ్టు దిగి వస్తాంటే ఓబులమ్మ పిలిచి నిలబెట్టె. మనింటికి ఆయన నిలబడినందుకు బదులు."

జీవమ్మ అతని వైపు తిరిగి, "చెప్పాల్ల గదయ్యా మరి!" అంది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. బుధవారం ఫోటోల దగ్గర నుంచి ఎనిమా దాకా జీవమ్మ అంతా చెప్పేసింది. చివర కొంగు ముందుకు చాచి, "తప్పు మాదే పాపా. నన్ను జైల్లో పెట్టినా సరే. ఆయన కిడ్నీ పోతాది, రేపు దాటితే డాక్టరు ఊరికి పోతాడు," అని ఏడ్చింది. ఉదయశ్రీ తల పట్టుకుంది. వెనక్కి తిరిగి, "సార్, దీన్ని మోసం కింద రాయాలా?" అని అడిగింది.

రాఘవేంద్రప్రసాద్ పొద్దున్నుంచి రాసుకున్న నోటుబుక్కు చూసుకున్నాడు. నలభై మూడు విచారణలు. నలభై మూడూ నిబంధన ప్రకారమే. ఆయన అక్షరం ముత్యాల్లా ఉంది. ఇప్పుడు వీటిలో మూడు కొట్టివేయాలి. మూడడుగుల దూరంలో కూర్చొని చూడలేదా అని పైవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలి. ఆయన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలితో గీసుకుంటూ వెతికి, ఒకచోట ఆగాడు.

"నలభై రెండో నిబంధన. ఫోటోయే ప్రధాన సాక్ష్యము. పేరునకును, ముఖమునకును పొంతన లేనప్పుడు పేరును దిద్దవలెను. ముఖమును దిద్దరాదు." పుస్తకం మూశాడు. "ఈ ఆఖరి విచారణలో వచ్చిన ముఖం, ఈ బెంచీ మీది ముఖం సరిపోయాయా?"

"సరిపోయాయి సార్, కానీ..."

"జవాబు ఇరవై సెకండ్ల లోపు వచ్చిందా?"

"తొమ్మిదిలో వచ్చింది సార్."

"అయితే తప్పు ఎక్కడ జరిగింది?"

"యాడా జరగలే సార్!" అని జీవమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని ఆస్పత్రి అంతా వినబడేలా చెప్పింది.

పది నిమిషాల్లో పుల్లన్న పట్టీ కత్తిరించారు, ఓబులమ్మ కార్డు మీద గాబ్రియేలుకు పట్టీ బిగించారు. పుల్లన్న కాళ్ళు ఎడంగా వేసుకుంటూ నడిచి లారీ ఎక్కాడు గానీ, సీటు మీద కూర్చోలేక బేతంచెర్ల దాకా సగం నిలబడే నడిపాడట. మరునాడు పొద్దున డాక్టరు వెంకటేశ్వర్లు అదే మంచం మీద ఇంకో మనిషిని, ఆ మనిషిలో అదే రాయిని చూశాడు. ఎక్స్‌రే వైపు, మనిషి వైపు చూసి, "ఇప్పుడు కుదిరింది," అని మాత్రం అన్నాడు.

రాయిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. గాబ్రియేలు దాన్ని బయటికి తీసి, బొటనవేలితో రుద్ది, "గరుకు. మా ఫ్యాక్టరీలో అయితే వెనక్కి పంపుతారు," అన్నాడు. కిడ్నీ నిలిచింది. తర్వాతి ఆదివారం ముందు వరసలో కూర్చున్నారు.

నెల తిరక్కుండానే మా వీధిలో అందరికీ బీమా ఉత్తరాలు వచ్చాయి. చదివి చెప్పింది నేనే, రెండు పూటలు పట్టింది. నలభై రెండో నిబంధన ప్రకారం మా పేర్లు దిద్దారు. ముఖాలు దిద్దలేదు. పది ఇళ్ళకు యజమాని పుల్లన్న. పదకొండో ఇంటికి, ఓబులమ్మ భర్తగా, గాబ్రియేలు.

ఓబులమ్మ ఆ ఉత్తరం పట్టుకొని ఇంటింటికీ వచ్చి, "మీకందరికీ మా ఆయనే! నాకు మాత్రం లేకపాయె!" అని పోట్లాడిపోయింది. పుల్లన్నకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. వీధిలో ఎవరికైనా కడుపునొప్పి అంటే చాలు, లోడు ఉన్నా లేకపోయినా లారీ ఎక్కి రెండు రోజులు కనబడకుండా పోతాడు.

పన్నెండేళ్ళ కిందట పోయిన నా భర్త స్థానంలో కూడా పుల్లన్న పేరే ఉంది గనక, కంప్యూటరు లెక్కలో మా వీధిలో విధవలు ఎవరూ లేరు, పెళ్ళయిన మగవాళ్ళు మాత్రం ఇద్దరే.

విశ్వాసమ్మ,
అరవై రెండేళ్ళు,
ఇప్పుడు రాయచోటిలో, కూతురు నిస్సీ దగ్గర.